గడ్డి కింద వెల్లుల్లి

చికాగోలో దిగిన మూడో రోజున మా ఆయన నన్ను సరస్సు చూపించడానికి తీసుకెళ్ళాడు. అది సరస్సని ఆయన ఎంత చెప్పినా నేను నమ్మలేదు. అవతలి ఒడ్డు లేదు. అలలున్నాయి, దూరంగా ఓడ కూడా ఉంది. సముద్రాన్ని పట్టుకుని సరస్సంటాడేమిటి ఈ మనిషి, నాకేమీ తెలియదనుకుంటున్నాడా అని ఒళ్ళు మండింది. చెప్పులు విడిచి, మెట్ల దగ్గర వంగి, దోసిట్లో నీళ్ళు తీసుకుని నోట్లో పోసుకున్నాను. ఉప్పు లేదు. ఇంకో దోసెడు తాగాను. మంచినీళ్ళే. చూపు ఆనినంత దూరమూ మంచినీళ్ళే. ఆ మెట్టు మీదే కూలబడ్డాను. ప్రయాణం బడలిక అనుకుని ఆయన కంగారుపడ్డాడు. ఆయనది గోదావరి కాలవ కింద ఊరు. నీళ్ళను చూసి కూలబడడమంటే ఏమిటో ఆయనకు తెలిసే అవకాశం లేదు.

మాది ముదిగుబ్బ నుంచి లోపలికి పోయే ఒక పల్లె. మా ఇంట్లో బియ్యం కడిగిన నీళ్ళు గొర్రెలకు పోయేవి, స్నానం చేసిన నీళ్ళు కరివేపాకు చెట్టుకు పోయేవి. ట్యాంకరు వచ్చే రోజున మాకు బడి ఉండేది కాదు, బిందె ఉండేది. ఇప్పుడు ఆ ఇంట్లో మా అక్క ఉంటుంది. నాయన పోయాక మా నాలుగెకరాల శెనక్కాయ చేను తనే చేస్తోంది. బావ గొర్రెల వెంట మడకశిర వైపు తిరుగుతూ ఉంటాడు. ఆ సాయంత్రం అక్కకు ఫోను చేసి సరస్సు సంగతి చెప్పాను.

"ఉప్పు ల్యాకుండా అన్ని నీళ్ళా?" అంది. "మరి ఆడ సేద్యం ఎవురు చేస్తాండారు?"

"ఎవరూ చెయ్యరక్కా. దాని చుట్టూ అన్నీ మేడలే."

"థూ, ఏం మనుషులప్పా," అని ఫోను పెట్టేసింది.

అప్పటికి నవ్వుకున్నాను గానీ, ఆ ఊళ్ళో నాకు ముందు ముందు పట్టబోయే బెంగ ఏమిటో అక్క ఆ ఒక్క ప్రశ్నతోనే పట్టేసింది. ఒక ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం దొరికింది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా రక్తం గొట్టాలు, చేతికి తొడుగులు, కాళ్ళకు మేజోళ్ళు. ఇల్లు తొమ్మిదో అంతస్తులో. రైలు దిగితే సిమెంటు, సిమెంటు దాటితే తివాచీ. ఒక ఏడాది గడిచాక ఒక ఆదివారం కూర్చుని లెక్కేసుకుంటే, ఈ ఏడాదిలో నా కాలికి ఒక్కసారి కూడా మట్టి తగల్లేదని తేలింది. నాకు నిజంగా భయం వేసింది. అన్నం, కూరలు, పండగలు, మాట్లాడే మనుషులు అన్నీ ఆ ఊళ్ళో దొరికాయి. వాన పడ్డాక చేన్లో అడుగు పెడితే చెప్పులకు పట్టే ఎర్రమట్టి బరువు మాత్రం దొరకలేదు. మా ఆయనతో చెబితే బాల్కనీలో పెట్టుకోమని ఒక పూలకుండీ కొనుక్కొచ్చాడు. మంచివాడే, ఏం చేస్తాం.

మా ఇంటికి రెండు వీధుల అవతల, రైలు పట్టాల పక్కన, ఒక పొడుగాటి ఖాళీ స్థలం ఉంది. దాన్ని చిన్న చిన్న మళ్ళుగా కట్టి, చుట్టుపక్కల వాళ్ళు తలా ఒకటి తీసుకుని కూరగాయలు పెంచుకుంటారు. పగలంతా గేటు తీసే ఉంటుంది, ఎవరైనా లోపల తిరగవచ్చు. మడి కావాలంటే మాత్రం గేటు దగ్గరి పలక మీద ఉన్న జాబితాలో పేరు రాసుకుని వంతు వచ్చేదాకా ఆగాలి. ఎవరో ఊరు మారితేనో, ముసలితనం వచ్చి వదిలేస్తేనో ఒక పేరు పైకి జరుగుతుంది. నేను పేరు రాసి నాలుగేళ్ళు ఎదురుచూశాను. ప్రతి ఆదివారం వెళ్ళి ఆ పలక చూసి రావడం నాకు అలవాటైపోయింది. గుడికి కూడా అంత నిష్ఠగా ఎప్పుడూ వెళ్ళలేదు. నాలుగో ఏడు ఆకులు రాలే కాలానికి నా పేరు అన్నిటికన్నా పైకి వచ్చింది. చలికాలం గడవగానే మడి నాది. ఊళ్ళోంచి తెచ్చుకున్న గుప్పెడు శెనక్కాయ విత్తులు డబ్బాలో అప్పటికే సిద్ధంగా ఉన్నాయి.

నవంబరు మొదటి వారంలో ఒక మధ్యాహ్నం ఊరికే తోటలోకి వెళ్ళాను. మనుషులెవరూ లేరు. మళ్ళన్నీ ఖాళీ అయిపోయి ఉన్నాయి. టమాటా కొయ్యలు పీకేశారు, గుమ్మడి తీగలు కుప్ప వేశారు. పట్టాల వైపు చివరి మడిలో మాత్రం మట్టి మీద గడ్డి పరిచి ఉంది. ఆ మడి ఒక ముసలాయనది. సిటీ బస్సు నడిపి రిటైరయ్యాడని, భార్య పోయిందని విన్నాను. ఎదురైతే తల ఊపుకోవడమే తప్ప మేం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. గడ్డి కింద వేలు పెట్టి చూశాను. మట్టి మెత్తగా ఉంది. ఇంకొంచెం లోపలికి పోనిచ్చాను. గట్టిగా ఏదో తగిలింది. తీసి చూస్తే వెల్లుల్లి రెబ్బ, బొటనవేలంత ఉంది.

ఇక్కడ మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి. శెనక్కాయ చెట్లు పీకి ఇంటికి తోలుకున్నాక మట్టిలో కాయలు ఎన్నో కొన్ని తెగి ఉండిపోతాయి. వాటిని పరిగె అంటారు. చేను ఎవరిదైనా సరే, పంట ఎత్తిన తరువాత మిగిలిన పరిగె ఏరుకున్నవాళ్ళదే. చేను గలవాళ్ళను అడగనక్కర్లేదు. అడిగితే, "ఏందమ్మా కొత్తగా అడుగుతాండావు," అని వాళ్ళే నొచ్చుకుంటారు. నేనూ అక్కా బడి విడిచాక చేతికొక పుల్ల తీసుకుని ఊళ్ళో చేలన్నీ తవ్వినవాళ్ళమే. ఒక్కొక్క రోజు లంగా ఒడి నిండేది. చేన్లో చెత్తగడ్డి పడి ఉందంటే పంట ఎత్తేశారని మాకు గుర్తు.

ఇంతకన్నా వేరే ఆలోచన నాకు రాలేదు. ఆలోచనకన్నా ముందు చెయ్యి వెళ్ళిపోయింది. కోటు జేబులో ల్యాబు నుంచి తెచ్చిన ప్లాస్టిక్ సంచి ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని, ఇంటి తాళంచెవితో తవ్వుతూ రెబ్బ తరువాత రెబ్బ తీశాను. గోళ్ళలో మట్టి. ఎన్నేళ్ళయిందో. నవ్వు కూడా వచ్చింది. రెబ్బలు జానెడు జానెడు ఎడంలో దొరుకుతున్నాయి. ఒక్కోదానికి తెల్లటి వేళ్ళు కూడా ఉన్నాయి. గడ్డలు పీకినప్పుడు తెగి ఉండిపోయిన రెబ్బలు తేమకు వేళ్ళు పోసుకున్నాయిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. వరుస కంటికి కనిపిస్తూనే ఉంది. చెయ్యి ఆగితే కదా. సగానికి పైగా మడి తవ్వి, మట్టి సర్ది, గడ్డి మళ్ళీ పరిచి ఇంటికొచ్చాను.

ఆ సాయంత్రం ఎండుమిరపకాయలు, ఆ వెల్లుల్లి, ఉప్పు వేసి కారం దంచాను. మా ఆయన వేడి అన్నంలో నెయ్యి పోసుకుని కలుపుకుని, ఈ ఊళ్ళో ఇలాంటి వెల్లుల్లి ఎక్కడ దొరికిందని రెండు సార్లు అడిగాడు. పరిగె ఏరానని గర్వంగా చెప్పాను.

ఆ ఆదివారం మామూలుగా పలక చూసుకోవడానికి వెళ్ళాను. నా పేరు పైనే ఉంది. దాని పక్కన ఒక కాగితం కొత్తగా గుచ్చి ఉంది. వంకర టింకర పెద్ద అక్షరాలు. నా మడి తవ్విన వారికి అని మొదలైంది. అవి మిగిలిపోయినవి కావు, వచ్చే ఏటికి నాటిన విత్తనం అని రాశాడు. నా భార్య వాళ్ళమ్మ దగ్గర నుంచి తెచ్చుకున్నది, ముప్పై ఏళ్ళుగా ఏటా నాటుకుంటూ వస్తున్నాం, ఇంకెక్కడా దొరకదు. ఏమైనా మిగిలి ఉంటే దయచేసి ఈ పలక కింద పెట్టి వెళ్ళండి, ఎవరని అడగను.

రెండోసారి చదివాను. మంచు కురవబోయే ముందు విత్తనం నాటుతారని, అది చలికాలమంతా మట్టిలో ఉండి ఎండ రాగానే మొలుస్తుందని, దాని మీద కప్పినది చెత్తగడ్డి కాదు దుప్పటి అని నాకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. కానీ వరుస కనబడింది కదా. జానెడు ఎడం కనబడింది కదా. నలభై ఏళ్ళు వచ్చినదాన్ని, సేద్యగాడి కూతుర్ని, ఒక మనిషి విత్తనాన్ని మట్టిలోంచి తవ్వుకుని తిన్నాను. పైగా నెయ్యితో.

ఇంటికి వచ్చి చూస్తే గిన్నెలో దంచకుండా మిగిలిన రెబ్బలు పదకొండున్నాయి.

"అక్కడ పెట్టేసి వచ్చెయ్. ఎవరని అడగనన్నాడుగా," అన్నాడు మా ఆయన. "చెప్పావంటే నీ పేరు కొట్టేస్తారు. పక్కవాళ్ళ మడిలో చెయ్యి పెడితే జాబితాలోంచి తీసేస్తామని గేటు మీదే రాసుంది. నాలుగేళ్ళు ఆగావు. నాలుగు నెలలు ఓపిక పట్టలేవా?"

ఆయన మాట తప్పని నాకు అనిపించలేదు. నాకు ఆ మడి కావాలి. ఎంతగా కావాలంటే, ఆ ముసలాయన ముఖం తలుచుకున్న మరుక్షణమే నా పేరు తలుచుకుంటున్నాను. రెండు రోజులు ఆ పదకొండు రెబ్బలనూ తడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్జులో పెట్టి, తలుపు తెరిచినప్పుడల్లా చూస్తూ తిరిగాను. మూడో రోజు పొద్దున్నే అక్కకు ఫోను చేశాను. అక్కడ సాయంత్రం. గొర్రెల అరుపులు వినిపిస్తున్నాయి. అంతా చెప్పాను.

"విత్తనం తింటివా?" అంది అక్క.

"తెలీక తింటినక్కా."

"తెలీక!" అని, గొర్రెలను అదిలించి మళ్ళీ ఫోను దగ్గరికి వచ్చింది. "శెనక్కాయలు ఒలిచే పొద్దు కూడా నీకు తెలీలేదు గదా."

అక్క ఏ పొద్దు గురించి అంటోందో నాకు వెంటనే తెలిసింది.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు, అక్కకు పన్నెండు. వరసగా రెండేళ్ళు వాన లేదు. ఇంట్లో సంగటి కూడా ఒక పూటకు వచ్చేసింది. లోపలి గదిలో మాత్రం విత్తనపు మూటలు అలాగే ఉన్నాయి. మూడో ఏడు మబ్బు పట్టగానే అమ్మ మూటలు విప్పి కాయలు ఒలవడానికి కూర్చుంది. నేను రెండు గుప్పెళ్ళ విత్తులు లంగా మడతలో దోపుకుని గడ్డివాము వెనక్కు పోయాను. అక్క నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఆమె వెనకే నాయన వచ్చాడు. నేల మీద విత్తులు నాలుగైదు పడి ఉన్నాయి. ఎవరు తీసినారని నాయన అడిగాడు. "నేనే నాయనా," అంది అక్క. చింతబరికెతో మూడు దెబ్బలు. నా నోటి నిండా విత్తులున్నాయి. నేను నోరు విప్పలేదు. మూడో దెబ్బకు మింగేశాను.

తరువాత నాయన మా ఇద్దరినీ దగ్గర కూర్చోబెట్టుకుని, "ఆకలైతే నన్నడగల్ల. దాన్ని ముట్టగూడదు. అది మనది గాదు, వచ్చే ఏటిది," అన్నాడు. నేను అక్క వైపు చూడలేకపోయాను.

ఆ సంగతి అక్క మరిచిపోయిందనే అన్నేళ్ళూ అనుకున్నాను. అనుకోవడం నాకు సుఖంగా ఉండేది.

"నోట్లో పెట్టుకోని నిలబడి చూసినావు," అంది అక్క ఫోనులో. గొంతులో కోపం లేదు, అదే నన్ను ఇంకా భయపెట్టింది. "ముప్పై ఏండ్లు దాటె. ఒక్క మాటన్నా అంటినా నిన్ను? ఇప్పుడంటాండా. ఆ పొద్దు నీకు అడ్డం నేనుంటి. ఆడ నేను ల్యాను. నువ్వే పోవల్ల, నువ్వే చెప్పల్ల."

"పేరు పోతాదక్కా."

"పోనీ. ఆ ముసలాయప్ప విత్తనం పాయ గదా."

మరుసటి ఆదివారం దాకా ఆగలేదు. సెలవు పెట్టి పోయాను. ఆయన తన మడి పక్కన ఒక బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఉన్నాడు. నేను తడిగుడ్డ విప్పి చూపించి, తవ్వింది నేనేనని చెప్పాను. మా ఊరి పరిగె గురించి కూడా మొదలుపెట్టాను గానీ, సగంలో అది సాకులా వినిపించి మానేశాను. ఆయన ఇంగ్లీషు కూడా నాలాగే వేరే దేశం నుంచి మోసుకొచ్చినది. నిదానంగా మాట్లాడాడు.

"మిగతావి తినేశావా?"

"తిన్నాను."

ఆయన చాలాసేపు రెబ్బలను వేలితో కదిపి చూశాడు. తిడతాడని ఒళ్ళు బిగబట్టి నిలుచున్నాను. తలెత్తి, "ఎలా ఉంది?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"మా ఆవిడ జబ్బుతో ఉన్న ఏడాది సరిగా చూసుకోలేదు. పంట పాడయింది, గడ్డలు నాలుగే మిగిలాయి. అప్పటి నుంచి అన్నీ నాటడమే. నేను తిని మూడేళ్ళయింది," అన్నాడు. "రుచి అలాగే ఉందా?"

ఇంత దూరం వచ్చి, ఈ మేడల మధ్య, రైలు చప్పుడులో, బస్సు నడిపిన ఒక తెల్లాయనలో మా నాయనను చూస్తానని నేనెన్నడూ అనుకోలేదు. ఏడుపు ఆపుకోలేకపోయాను. "ముందు ఘాటుగా ఉంది. చివర్న కొంచెం తీపి," అన్నాను.

"అవును, చివర్న తీపి," అన్నాడాయన.

తరువాత లేచి నిలబడి, తీసిన చెయ్యే నాటాలంటూ గడ్డి పక్కకు లాగాడు. నేను శెనక్కాయ విత్తు వేసినట్టు ఎలా పడితే అలా మట్టిలోకి జారవిడుస్తుంటే చెయ్యి పట్టి ఆపాడు. మొన పైకి ఉండాలట, వేరు కిందికి. పదకొండూ నాటేసరికి నా వేళ్ళు కొంకర్లు పోయాయి. గేటు దగ్గర జాబితా చూసే ఆవిడ ఉంది. నేనే వెళ్ళి చెప్పాను. ఆవిడ మారు మాట్లాడకుండా పెన్సిలు తీసి నా పేరు కొట్టేసింది. కావాలంటే అడుగున రాసుకోవచ్చంది. రాసుకున్నాను. నా పైన ఇరవై రెండు పేర్లున్నాయి. చాలా బాధ పడతాననుకున్నాను గానీ, ఆ రోజు పడలేదు. బాధ తరువాత, మంచు కురుస్తున్నప్పుడు, తొమ్మిదో అంతస్తు కిటికీ దగ్గర నిలబడి ఉండగా వచ్చింది. బాగానే వచ్చింది.

ఏప్రిల్లో గడ్డిని నెట్టుకుని మొలకలు పైకొచ్చాయి. నేను వదిలేసిన కొసన ఆయనవి పన్నెండు, నేను నాటినవి తొమ్మిది. రెండు రాలేదు. ఆ ఎండాకాలం ఆదివారాలు ఆయన మడికి నేనే నీళ్ళు పట్టాను. అక్క ఫోను చేసినప్పుడల్లా నా ఒంట్లో ఎలా ఉందని అడగడం మానేసి, తెల్లగడ్డలు ఎట్లుండాయని అడిగేది. మా వైపు వెల్లుల్లిని అలాగే అంటారు.

జులైలో గడ్డలు తవ్వాము. ఆయన అన్నిటినీ ఆకులతో జడలాగా అల్లి, ఒక్క గడ్డ మాత్రం విడిగా తెంపి నా చేతిలో పెట్టాడు. ఇది నాటడానికి కాదు, తినడానికి అని రెండుసార్లు చెప్పాడు. నేను దాన్ని పట్టుకుని ఇంటికొచ్చి, వంటింట్లో నిలబడి అక్కకు ఫోను చేశాను.

"నీవి ఎన్నొచ్చినాయి?" అంది.

"తొమ్మిదీ వచ్చినాయక్కా. మంచి గడ్డలు. అక్కా, చేను ఎట్లుండాది?"

జూన్లో ఒక్క పదును వాన పడితే విత్తనం వేశారని నాకు తెలుసు. ఆ తరువాత అక్క చేను మాట ఎత్తలేదు, నేను అడగలేదు. తెల్లగడ్డల గోలలో నాకు తోచనే లేదు.

"ఈడ ఒక్కటీ రాలేదు," అంది అక్క. "వానే ల్యాకపాయ. తవ్వి చూస్తిమి. భూమిలోనే ఏగిపోయిండాయి."

రెండు నెలలు తన చేను ఎండుతుంటే, నా తొమ్మిది మొలకల సంగతి వారం వారం అడిగింది ఈ మనిషి.

"ఏడుస్తాండావా? ఏడవాకు," అంది. "లోపల ఇంకొక మూట ఉండాది. నేను ముట్టలేదులే."

ఫోను పెట్టేశాను. మా ఆయన వచ్చి, చేతిలో వెల్లుల్లి చూసి, కారం ఎప్పుడు దంచుతున్నావని ఆశగా అడిగాడు. దాన్ని గుడ్డలో చుట్టి, బీరువా పై అరలో పెట్టి, అక్టోబరులో నాటేదాకా ముట్టుకున్నావంటే ఊరుకోనని గట్టిగా చెప్పాను.